చూద్దాం అన్న మాట

ఈ వారం రాసేది నా తప్పు గురించి. ఆ తప్పు ఎవరి పట్ల జరిగిందో ఆ అన్నను అడిగి, ఆయన సరే అన్న తర్వాతే రాస్తున్నాను. ఆయన పేరు, ఊరు రాయను. మీలో ఎవరికైనా తెలిస్తే మీ దగ్గరే ఉంచుకోండి.

డిసెంబరు చివరి వారంలో మా సంఘం పిల్లలు ఇద్దరు సెలవు మీద వచ్చారు. ఒక చెల్లి నర్సింగ్ చదివి, హైదరాబాద్‌లో నెలల తరబడి జపాన్ భాష నేర్చుకుని, ఇప్పుడు అక్కడ ముసలివాళ్ళను చూసుకునే ఒక ఆశ్రమంలో పనిచేస్తోంది. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా కూడా అట్లా జపాన్ వెళ్ళే నర్సు పిల్లలు ఉన్నారు. రెండోవాడు డాలస్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తమ్ముడు. ఇద్దరూ ఒకే సాయంత్రం మా ఇంటికి వచ్చారు. మా ఆవిడ సకినాలు పెట్టింది. ఇగ మొదలైంది, మా దేశం గొప్పదంటే మా దేశం గొప్పదని. వాళ్ళు ఇద్దరూ మన జనగామ జిల్లా పిల్లలే అన్నది ఆ రెండు గంటలు వాళ్ళకు గుర్తులేదు.

చెల్లి చెప్పింది: "అయ్యగారు, నా పర్సు రైల్ల మర్చిపోయిన. జీతం పైసలు అందుల్నే ఉన్నయ్. ఏడ్చుకుంట స్టేషన్ పక్కన పోలీసు గదికి పోతే, తెల్లారి దొరికింది. ఒక్క నోటు గూడ పోలేదు." ఆ చిన్న పోలీసు గదిని అక్కడ కోబన్ అంటారు. ఊరూరా, స్టేషన్ స్టేషన్‌కూ ఉంటుంది. ఒక్క టోక్యో నగరంలోనే ఏడాదికి దాదాపు 40 లక్షల పోయిన వస్తువులు పోలీసులకు చేరతాయి. అయితే ఇందులో ఒక సంగతి ఉంది. అక్కడ దొరికిన వస్తువు అప్పగించినవాడికి, దాని విలువలో 5 నుండి 20 శాతం దాకా ఇవ్వాలని చట్టం. మూడు నెలల్లో ఎవరూ రాకపోతే చాలా వస్తువులు దొరికినవాడివే అవుతాయి. మార్క్ వెస్ట్ అనే అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు 2003లో దీని మీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. జపాన్ వాళ్ళ మనసు మంచిదని మాత్రమే అనుకోవద్దు, అప్పగించడానికి దగ్గర్లో చోటు ఉంది, అప్పగిస్తే లాభం ఉంది, దాచుకుంటే శిక్ష ఉంది, ఈ ఏర్పాటును కూడా చూడండి అన్నది ఆయన వాదన. చెల్లికి ఈ మాట నచ్చలేదు. కానీ కాసేపాగి తనే నవ్వి, "గొడుగులు మాత్రం పోతయ్ అయ్యగారు. దుకాణం బయట పెట్టిన గొడుగు లోపలికి పోయొచ్చేసరికి ఉండదు" అంది. పర్సు ఇచ్చే చెయ్యే గొడుగు తీసుకుంటుందేమో!

తమ్ముడు ఊరుకోలేదు. అమెరికాలో రోడ్లు నాలుగు కలిసే చోట చాలా దగ్గర్ల సిగ్నల్ ఉండదట, పోలీసు ఉండడట. నాలుగు వైపులా ఆగమని బోర్డులు మాత్రమే. ఎవరు ముందు వచ్చి ఆగితే వాళ్ళు ముందు పోవాలి. "ఎవ్వడు చూడకున్నా ఆగుతరు అయ్యగారు" అన్నాడు. నేను మన జనగామ చౌరస్తాను తలుచుకుని ఏమీ మాట్లాడలేదు. అక్కడ ముందు పోయినవాడు వెనక వచ్చేవాడి కోసం తలుపు పట్టుకుని నిలబడతాడట. కొట్లో బిల్లు కొట్టే అమ్మాయి ఎలా ఉన్నారని పలకరిస్తుందట. వాళ్ళ నాన్న మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ పలకరింపుకు పొంగిపోయి, మోకాళ్ళ నొప్పుల దగ్గర నుండి మొత్తం చెప్పడం మొదలుపెట్టాడట. వెనక లైను ఆగిపోయింది. ఆ అమ్మాయి అడిగింది నిజం చెప్పమని కాదు, బాగున్నానని అనిపించుకోవడానికి. మనం "తిన్నవా?" అంటే "తిన్న" అనడం లాంటిదే. కడుపు కాలుతున్నా "తిన్న" అనే అంటాం గదా.

మరి మనకేమీ లేదా? ఆ మాట నేనే అడిగాను. బస్సు కిటికీలో నుండి సీటు మీద దస్తీ వేస్తే, ఎవరిదో తెలియకపోయినా దాని మీద కూర్చోవడానికి మనవాళ్ళు జంకుతారు. పది రూపాయల దస్తీకి అంత అధికారం ఇంకే దేశంలో ఉంది? 2025 వానకాలంలో యూరియా కోసం మహబూబాబాద్ జిల్లాలో తెల్లవారక ముందే చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి రైతులు చెట్టు కింద కూర్చున్నారు. మనిషి లేకపోయినా చెప్పులకు వంతు ఉంది. లారీ వచ్చిందనగానే ఆ వరుస ఏమయ్యేదో కూడా మీకు తెలుసు, అది వేరే సంగతి.

మన భాషలోనే మర్యాద ఉంది. ఇంట్లోంచి పోయేవాళ్ళం "పోతున్న" అనం, "పోయొస్త" అంటాం. బియ్యం అయిపోతే "నిండుకున్నయ్" అంటాం. ఖాళీ అయిన కుండను నిండుకుంది అనే జాతి మనది! అది అబద్ధమని ఎవరూ అనరు. వినేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. ఆదికాండములో అబ్రాహాము శారాను పాతిపెట్టడానికి మక్పేలా గుహ అడిగినప్పుడు, హిత్తీయుడైన ఎఫ్రోను మొదట ఊరికే తీసుకోమంటాడు. తర్వాత నాలుగు వందల తులముల వెండి అని ధర చెప్పి, మన మధ్య అదెంత అన్నట్టు మాట్లాడతాడు. అబ్రాహాము తెలివిగలవాడు, మర్యాదను మర్యాదగా విని, వెండి తూచి ఇచ్చేశాడు. ఊరికే ఇచ్చాడనుకుని గుహలోకి పోలేదు. మీ ఊరి దుకాణంలో సేటు "మీ దగ్గర పైసలేంది అయ్యగారు" అన్నప్పుడు నాకు ఎఫ్రోనే గుర్తొస్తాడు.

అయితే వినేవాడికి తెలియకపోతే?

ఇక్కడ చెల్లి చెప్పిన మాట నన్ను పట్టుకుంది. మొదటి సంవత్సరం తన అమ్మకు బాగాలేదని సెలవు అడిగిందట. అక్కడి పెద్దావిడ తల కొంచెం వంచి, "చొత్తో..." అని ఆపేసిందట. చొత్తో అంటే కొంచెం అని అర్థం. కొంచెం ఏమిటో చెప్పదు. ఈ పిల్ల, కొంచెం ఆలోచించి చెప్తుంది కాబోలనుకుని వారం రోజులు ఎదురుచూసింది. చివరికి తోటి పనిచేసే ఆమె చెప్పింది, అది ఆ రోజే కాదన్నట్టు అని. మనసులో మాటను వాళ్ళు హోన్నె అంటారట, బయటికి చూపే మాటను తతెమాయె అంటారట. రెండూ వేరని అక్కడ పిల్లలకు కూడా తెలుసు కాబట్టి ఎవరూ మోసపోరు. పైదేశపు పిల్ల మాత్రం వారం రోజులు మోసపోయింది.

తమ్ముడు వెంటనే, "మా మేనేజర్ అయితే మొఖం మీదనే కాదంటడు. అన్న తర్వాత కలిసి అన్నం తింటడు" అన్నాడు. నిజమే కావచ్చు. అయితే ఎప్పుడో ఒకరోజు మా ఇంటికి భోజనానికి రండి అని పక్కింటి అమెరికా వాళ్ళు మూడేళ్ళ కింద అన్నారని, ఆ రోజు ఇంకా రాలేదని కూడా వాడే చెప్పాడు.

అందరం నవ్వుకున్నాం. వాళ్ళు వెళ్ళిన తర్వాత నాకు నిద్ర పట్టలేదు.

అక్టోబరులో మహబూబాబాద్ వైపు సహవాసానికి వెళ్ళినప్పుడు, ఆరాధన అయ్యాక ఆ అన్న నన్ను పక్కకు తీసుకెళ్ళాడు. కూతురుకు నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చిందని, మొదటి కిస్తీ 25 వేలు పది రోజుల్లో కట్టాలని చెప్పాడు. మిర్చి అమ్మగానే ఇస్తానన్నాడు. నా దగ్గర ఆ డబ్బు లేదు. తెచ్చే దారి కూడా లేదని ఆ నిమిషమే నాకు తెలుసు. కానీ ఆయన నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. లేవని ఎట్లా అనను? "చూద్దాం అన్నా. ప్రార్థన చేద్దాం" అన్నాను.

సేవకులందరికీ ఈ మాట తెలుసు. నేను చాలామందికి అన్నాను. ఎక్కువమంది అర్థం చేసుకుంటారు, తలూపి వేరే దారి చూసుకుంటారు. జపాన్ పెద్దావిడకు చొత్తో ఎట్లనో, నాకు ప్రార్థన చేద్దాం అట్ల అయిపోయింది. దేవుని ముందు మోకరించే మాటను నేను కాదనడానికి పరదాలాగా వాడుకుంటున్నానని అప్పటిదాకా నాకే తట్టలేదు. అన్నానే గానీ, నిజం చెప్తున్నా, ఆ రాత్రి ఆ పిల్ల కోసం ప్రార్థన కూడా చేయలేదు.

ఆ అన్న మాత్రం నా మాట నమ్మాడు. నాలుగో రోజు ఒక మిర్చి వ్యాపారి ఆయనకు 25 వేలు ఇస్తానన్నాడట, పంట తనకే అమ్మాలన్న షరతు మీద. మామూలు రోజుల్లో ఆయన ఒప్పుకునేవాడే. ఈసారి వద్దన్నాడు. "మా అయ్యగారు చూస్త అన్నడు" అన్నాడట. ఎనిమిదో రోజు నాకు ఫోన్ చేశాడు. నేను భూపాలపల్లిలో కూడికలో ఉన్నాను, ఫోన్ తీయలేదు. తర్వాత చేద్దాంలే అనుకున్నాను. అదీ చూద్దామే. పదకొండో రోజు చేసేసరికి గడువు అయిపోయింది, ఆ సీటు ఇంకెవరికో వెళ్ళింది. పిల్లకు ఒక సంవత్సరం పోయింది.

ఆ రోజు ఫోన్‌లో ఆయన ఏమన్నాడో తెలుసా? "అయ్యో, దానికేముంది అయ్యగారు. మీరు మాత్రం ఏం చేస్తరు." అదీ మర్యాదే. నేను దాన్ని పట్టుకుని, పర్వాలేదన్నాడు కదా అనుకుని రెండు నెలలు హాయిగా ఉన్నాను. ఆ చెల్లి చొత్తో అని చెప్పిన రాత్రి తప్ప నాకు అర్థం కాలేదు, ఆయన కూడా నాకు తతెమాయే ఇచ్చాడని.

జనవరిలో వాళ్ళ ఇంటికి వెళ్ళాను. గోల్కొండ ఎక్స్‌ప్రెస్ దిగి, ఆటోలో ఊరు చేరేసరికి పొద్దు వాలింది. ఆయన చేను దగ్గర ఉన్నాడు, ఇంట్లో పిల్ల ఉంది. నీళ్ళు ఇచ్చింది. నాన్న వచ్చాక ఇద్దరి ముందూ చెప్పాను, ఆ రోజే డబ్బులు లేవని నాకు తెలుసు, తెలిసే చూద్దాం అన్నాను, నన్ను క్షమించండి అని. ఆయన వెంటనే "అట్లనకుండ్రి అయ్యగారు" అని లేచాడు. పిల్ల మాత్రం గడప దగ్గర నిలబడే ఉంది. "ఆ రోజే లేవంటే అయిపోవు గద అయ్యగారు. నాన్న ఇంకోల్లను అడుగు" అంది. వాళ్ళ నాన్న ఊరుకోమని కసిరాడు. నేను వద్దన్నాను. మా సంఘాలన్నిటిలో నాతో అంత సూటిగా మాట్లాడింది ఆ పిల్ల ఒక్కతే. దానికి నేను చెప్పే జవాబు ఏమీ లేదు, తల ఊపాను.

ఈ సంగతి భూపాలపల్లిలో సింగరేణిలో పనిచేసే ఒక అన్నతో చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గని గురించి చెప్పాడు. లోపల పని మొదలుపెట్టే ముందు పైకప్పును కొట్టి చూస్తారు. గట్టిగా ఉంటే ఒక శబ్దం, లోపల వదులైతే బోలు శబ్దం. బోలు అనిపిస్తే చిన్నవాడైనా సరే పైఅధికారి ముందే గట్టిగా చెప్పాలి. "అక్కడ మర్యాదకు చూద్దాం అనరు అయ్యగారు. పైకి వచ్చినంక ఎన్ని మర్యాదలైనా చేసుకోవచ్చు" అన్నాడు. అంతే అన్నాడు, నన్ను ఏమీ అనలేదు. సకినాలు తింటూ రెండు దేశాలను తూచిన మాకంటే ఆయనకే ఎక్కువ తెలుసనిపించింది. ఎక్కడ మర్యాద నడుస్తుందో, ఎక్కడ నడవదో.

పోయిన ఆదివారం ఆ మిర్చి అన్న మళ్ళీ నన్ను పక్కకు పిలిచాడు. కూలీలకు ఇవ్వాలి, ఐదు వేలు సర్దగలరా అని అడిగాడు. మళ్ళీ నన్నే ఎందుకు అడిగాడో నాకు తెలియదు. గొంతులో "చూద్దాం" దాకా వచ్చింది.

"లేవు అన్నా. రెండు వేలున్నయ్. అవి ఇయ్యగలను, అంతకంటే కాదు" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా మొహం చూశాడు. నాకు చెమట పట్టింది. "సరే, అవే ఇయ్యండ్రి అయ్యగారు. మిగతాయి బామ్మర్దిని అడుగుత" అని, వాళ్ళ బిడ్డను పిలిచి ఛాయ పెట్టమన్నాడు. చక్కెర ఎక్కువైంది. బాగుందా అని ఆ పిల్ల అడిగితే, తీపి ఎక్కువైందమ్మా అన్నాను. నవ్వింది.