గురువు వ్యూహము, శిష్యుని వ్యూహము

అమెరికా కళాశాలలలో ఆడెడి ఫుట్‌బాలునకును మన బాలురు ఆడెడి ఫుట్‌బాలునకును పేరు తప్ప పోలిక తక్కువ. అచ్చటి బంతి కోలగా నుండును. దానిని చేతబట్టి పరుగెత్తుదురు, విసరుదురు. ప్రతిసారియు ఆట సాగుటకు ముందు ఇరుపక్షములవారును బారులు తీరి ఎదురెదురుగా నిలుతురు గనుక చూచువారికి భారతయుద్ధములోని వ్యూహములు స్ఫురించును. మేము క్రీడాశిక్షకులము కాము, ఉపాధ్యాయులము. అందుచేతనే కాబోలు, ఆ వ్యూహముల కథ యొకటి మమ్ము విడువకున్నది.

ఇండియానా రాష్ట్రమందలి నోటర్ డేమ్ విశ్వవిద్యాలయపు జట్టునకు 1918 మొదలు 1930 వరకు న్యూట్ రాక్నీ శిక్షకుడు. ఆయన అచ్చటనే చదివి, అచ్చటనే రసాయనశాస్త్రమును బోధించినవాడు. ఆయన జట్టు 105 పందెములు గెలిచి, 12 మాత్రమే యోడెను. 5 సమముగా ముగిసెను. ఆయన పన్నిన వ్యూహ మిట్టిది: బంతిని వెనుకకందించు మధ్యస్థుని వెంటనే క్వార్టర్‌బ్యాక్ నిలుచును. అతని వెనుక మువ్వురు అడ్డువరుసగా నిలుతురు. పైనుండి చూచిన ఇది ఇంగ్లీషు టీ అక్షరమును పోలియుండును. సంజ్ఞ కాగానే ఆ నలువురును ఒక్క తాళమున ప్రక్కకు గంతువేసి పెట్టె యాకారమున నిలుతురు. ప్రతిపక్షులు తమ స్థానములు సవరించుకొనక మునుపే బంతి కదలును. గంతువేసిన పిదప ఒక సెకను నిశ్చలముగా నిలువవలెనని 1927లో నియమము వచ్చెను. అయినను 1929, 1930 సంవత్సరములలో ఆ జట్టు ఒక్క పందెమైనను ఓడలేదు.

1931 మార్చి 31న రాక్నీ విమానప్రమాదమున మరణించెను. పిమ్మట వచ్చిన శిక్షకులిరువురును ఆయన శిష్యులే. వారు పెట్టెను విడువలేదు.

1941లో ఫ్రాంక్ లేహీ వచ్చెను. ఈయనయు రాక్నీ శిష్యుడే. మొదటి యేట గురువుగారి పెట్టెతోనే ఆడించి, ఎనిమిది గెలిపించెను, ఒకటి సమమయ్యెను, ఓటమి లేదు. అట్టివాడు మరుసటి యేడే పెట్టెను త్రోసివేసెను! గంతు మాని, టీ యాకారమునుండియే ఆట సాగింపజేసెను. క్వార్టర్‌బ్యాక్ మధ్యస్థుని చేతినుండి నేరుగా బంతినందుకొని, ప్రతిపక్షమునకు వీపుచూపి తిరుగును. ఒకనికిచ్చెనో, ఇచ్చినట్లు నటించెనో, తానే విసరునో ఎదుటివారికి తెలియదు.

గెలుచుచున్న వ్యూహమును మార్పనేల? ఆంజెలో బెర్టెల్లి యను విద్యార్థి బంతి విసరుటలో దిట్ట, పరుగులో మందుడు. పెట్టెలో అతడున్న స్థానము పరుగెత్తవలసినది. టీ వ్యూహమున క్వార్టర్‌బ్యాక్ అంతగా పరుగెత్త నక్కరలేదు. పైగా రాక్నీ గంతునకు ముందు నిలిపినది టీ యాకారముననే గదా. శిష్యుడు గురువు మొదలిడిన చోటనే ఆగెననియు చెప్పవచ్చును. అయినను ఇది పూర్వవిద్యార్థులకు రుచింపలేదు. 1942లో మొదటి పందెము సమమయ్యెను, రెండవది యోడిరి. ఆ రెండు వారములు లేహీ ఎట్లు నిద్రించెనో మేము పలుమార్లు ఊహించితిమి. 1943లో తొమ్మిది గెలిచి, ఒకటి యోడి, ఆ జట్టు దేశమున ప్రథమస్థాన మందెను. ఆరు పందెములు ముగిసినంతనే బెర్టెల్లి యుద్ధసేవకు పోగా, జానీ లుజాక్ అను బాలుడు ఆ స్థానమున నిలిచెను. వ్యూహము చెడలేదు.

శిక్షణకళాశాలలో మా గురువుగారు పాఠమును ఐదు సోపానములుగా బోధించుట నేర్పిరి. ఇరువది యేండ్లుగా మేమట్లే చేయుచున్నాము. ఫలితములును మంచివే. కాని ఈ యేడు తొమ్మిదవ తరగతిలో వెనుకబల్లపై నలుగురు బాలురున్నారు. అడిగిన దెల్ల నోట చక్కగా చెప్పుదురు, కాగితముపై మాత్రము కలము సాగదు. మా ఐదవ సోపానము వ్రాతయే. జూను నెలలో బడి తెరచినది మొదలు వారి తరగతికి పాఠము వేరువిధముగా చెప్పనున్నాము: మొదట వారే చెప్పుదురు, తక్కినవారు ప్రశ్నింతురు, వ్రాత పిదప వచ్చును. మొదటి రెండు పరీక్షలలో మార్కులు తగ్గిన తలిదండ్రులు మా యొద్దకు రావచ్చును. వారికి చూపుటకై ఆ నలుగురి నోటిమాటలను తేదీలతో వ్రాసియుంచుటకు ఒక పుస్తకము కుట్టించితిమి.