తొలి కెమెరా: నిలబడే చోటును బట్టి

కొత్తగా కెమెరా కొనదలచిన విలేకరికి దుకాణదారు మొదట వినిపించేది మెగాపిక్సెళ్ల లెక్క. దీంట్లో ఇరవై నాలుగున్నాయి, దాంట్లో ముప్పై రెండున్నాయి, మీకెన్ని కావాలని అడుగుతాడు. బహిరంగ సభకు వచ్చిన జనాన్ని లక్షల్లో చెప్పే నాయకుడికీ ఇతనికీ పెద్ద తేడా లేదు. పెద్ద అంకె చెవిన పడగానే ఎదుటివాడు తక్కిన ప్రశ్నలు మరచిపోతాడని ఇద్దరి నమ్మకం. 1999లో నికాన్ సంస్థ వార్తా ఛాయాగ్రాహకుల కోసం తెచ్చిన డి1 కెమెరాలో ఉన్నవి 2.7 మెగాపిక్సెళ్లు మాత్రమే. 2006 నాటి డి40లో ఆరు. ఆ ఆరింటితో తీసిన చిత్రాన్ని దినపత్రిక మొదటి పేజీ వెడల్పంతా పరచినా చెదరదు. నేటి చౌక డీఎస్ఎల్ఆర్‌లలో సైతం అంతకంటె చాలా ఎక్కువే ఉన్నాయి గనుక ఆ ప్రశ్న ఏనాడో తీరిపోయింది. తీరనివి వేరే ఉన్నాయి. వాటిని దుకాణదారు అడగడు.

ఢిల్లీలో నాలుగేళ్లుగా స్వతంత్ర పాత్రికేయురాలిగా కాలం నెట్టుకొస్తున్న ఒక తెలుగు యువతి ఈ మధ్య ఆ ప్రశ్నలను తనకు తానే వేసుకోవలసి వచ్చింది. వ్యాసానికింత అని లెక్కగట్టి, ఆ సొమ్మైనా నెలల తరబడి తిప్పుకొని ఇచ్చే పత్రికలకు రాస్తూ ఆమె కూడబెట్టింది నలభై వేల రూపాయలు. ఆ మొత్తానికి కొత్త మిర్రర్‌లెస్ కెమెరా, దానికి తగిన కటకం రెండూ రావు. కంపెనీలన్నీ మిర్రర్‌లెస్ వైపు మళ్లడంతో పాత డీఎస్ఎల్ఆర్‌లు వాడిన సరుకు మార్కెట్లో కుప్పలుగా పడ్డాయి. సంపన్నులు వదిలించుకొన్నది సామాన్యులకు అందుబాటులోకి రావడం మన ఆర్థిక వ్యవస్థలో కొత్త సంగతేమీ కాదు.

చేతిలో మంచి ఫోను ఉండగా కెమెరా ఎందుకన్నది ఆమె మిత్రుల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. వెలుతురు బాగున్న చోట చూసే కంటికి తేడా తెలియదు. తేడా అంతా చీకటిలో ఉంది. చీకటిలో ఫోను ఒక్క చిత్రం తీసి ఊరుకోదు. వెంటవెంటనే అనేకం తీసి, వాటిని కలిపి, లోపించిన వివరాన్ని తన లెక్కల ప్రకారం సవరించి, అందమైన ఒక్క చిత్రంగా అందిస్తుంది. పెళ్లి విందుకు అది వరమే. పోలీసు లాఠీ గాలిలో ఉన్న క్షణానికి మాత్రం చిక్కు తెస్తుంది. లాఠీ తగిలిందా లేదా అన్న వివాదం రేగినప్పుడు, ఈ చిత్రం ఏ క్షణానిదని అడిగితే ఫోను యజమాని సూటిగా జవాబు చెప్పలేడు.

ఇది ఊహించి చెబుతున్న ఇబ్బంది కాదు. 2020 నవంబరులో సాగుచట్టాలకు వ్యతిరేకంగా ఢిల్లీకి బయలుదేరిన రైతులను సరిహద్దుల్లో ఆపినప్పుడు, ఒక వృద్ధ సిక్కు రైతుపై జవాను లాఠీ ఎత్తిన దృశ్యాన్ని పీటీఐ ఛాయాగ్రాహకుడు రవి చౌధరి తీశారు. ఆ చిత్రం దేశమంతా తిరిగింది. లాఠీ ఆ రైతును తాకనేలేదని చెప్పేందుకు అధికారపక్షపు ఐటీ విభాగం అధిపతి ఒక వీడియో తునకను పెట్టారు. ట్విట్టర్ ఆ పోస్టుకు, మార్పులు చేసిన దృశ్యమని గుర్తు తగిలించింది. వార్తాసంస్థ అండ ఉన్న ఛాయాగ్రాహకుడి చిత్రానికే అంత పరీక్ష ఎదురైతే, ఏ అండా లేని విలేకరి చిత్రాన్ని కల్పితమని కొట్టిపారేయడం ఎంతసేపు?

అందువల్ల ఆమె తన జాబితాలో మొదట రాసుకొన్నది రా ఫైలు. ఎంత చౌక డీఎస్ఎల్ఆర్ అయినా కటకం నుంచి వచ్చిన వెలుగును పెద్దగా చెక్కకుండా ఆ రూపంలో దాచగలదు. తేదీ, సమయం, కెమెరా వివరాలు దానితోపాటే నిలుస్తాయి. అదే చిత్రాన్ని మామూలుగా వాట్సాప్‌లో పంపితే కుదించుకుపోవడమే గాక ఆ వివరాలూ రాలిపోతాయి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం కావాలి. ఫైలు హాష్ విలువను సైతం అందులో నమోదు చేయాలి. అసలు ఫైలును ఎవరూ ముట్టకుండా దాచుకొన్నవారికే అది సుకరం. శ్రీపెరంబుదూరులో 1991 మే 21 రాత్రి జరిగిన పేలుడులో ఛాయాగ్రాహకుడు హరిబాబు మరణించాడు. అతని ఒంటిమీది కెమెరా మిగిలింది. రాజీవ్ హత్య కేసు దర్యాప్తు బృందానికి హంతకుల ముఖాలు చూపింది అందులోని ఫిల్మే.

ఇక దూరం సంగతి. భారతదేశపు తొలి మహిళా ఫొటో జర్నలిస్టుగా పేరొందిన హోమాయ్ వ్యారావాలా వాడిన కెమెరాల్లో రోలీఫ్లెక్స్ ఒకటి. దాని కటకం మారదు, జూమ్ ఉండదు. నెహ్రూ ముఖం దగ్గరగా కావాలంటే నెహ్రూ దగ్గరకు నడవవలసిందే. ఆమె నడిచారు, ఆ ప్రభుత్వం నడవనిచ్చింది. 1970లో ఆమె కెమెరా పక్కన పెట్టారు. నేడు వేదికకూ జనానికీ మధ్య భద్రతా సిబ్బంది ఖాళీగా ఉంచే నేలే ఒక చిన్న మైదానమంత ఉంటుంది. ఆ పైన గుర్తింపు కార్డు గొడవ ఒకటి: స్వతంత్ర పాత్రికేయులు కేంద్ర గుర్తింపు పొందాలంటే 15 ఏళ్ల అనుభవం చూపాలి. నాలుగేళ్ల అనుభవానికి దొరికేది కంచె వెలుపలి చోటే.

దుకాణదారు ఇక్కడే రెండు కటకాల జోడును ముందుకు తోస్తాడు. 18–55 మామూలుది, 70–300 దూరపుది. కంచె వెలుపల నిలబడేవారికి దూరపుదే శరణ్యమని ఎవరికైనా అనిపిస్తుంది. కాని 300తో ఆమెకు దక్కేదేమిటి? చెయ్యెత్తిన నాయకుడి ముఖం. అదే ముఖాన్ని అంతకంటె స్పష్టంగా పీఐబీ ఉచితంగానే పంచుతుంది. ఆమె రాసేవి వేదిక గురించిన వ్యాసాలు కానే కావు. లారీల్లో వచ్చి, ఎండలో కూర్చొని, ప్రసంగం మధ్యలోనే లేచిపోయేవారి గురించినవి. వారు కంచెకు ఇవతలే ఉన్నారు, ఆమె పక్కనే. వారికి 300 అక్కరలేదు. పైగా అంత దూరం నుంచి దొంగచాటుగా తీసిన చిత్రంలో మనిషి వేటకు దొరికిన జంతువులా కనబడతాడు. ఆమె 35 మిల్లీమీటర్ల స్థిర కటకాన్ని ఎంచుకొంది. దానితో తీయాలంటే మనిషి దగ్గరకు వెళ్లాలి, వెళ్లితే పలకరించక తప్పదు.

ఆ కటకానికి వెలుగుతో మరో లాభం ఉంది. ఎండ తగ్గాక మొదలై, రాత్రి దాకా సాగే సభలు మన దేశంలో అసంఖ్యాకం. కిట్ కటకం 55 దగ్గర ఎఫ్ 5.6 దాకా మూసుకుపోతుంది. ఎఫ్ 1.8 తెరచుకొనే స్థిర కటకం దానికి సుమారు పది రెట్ల వెలుగును లోనికి రానిస్తుంది. కెమెరాను మార్చి పది రెట్లు తేవడం ఏ నలభై వేలతోనూ సాధ్యం కాదు. తొలి కెమెరా కొనేవారు పెట్టెకు ఎక్కువా కటకానికి తక్కువా ఖర్చు పెట్టడం ఇల్లంతా పాలరాయి పరచి కిటికీలు మరచిపోవడమే.

నికాన్ డి3500, కెనాన్ 1500డి ఆమె తూచిన రెండు పెట్టెలు. నికాన్ చౌక నమూనాల్లో ఫోకస్ తిప్పే మోటారు ఉండదు. ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పి అని రాసి ఉన్న కటకాలను కొనాలి గాని, పాత డి రకం చవకగా వచ్చిందని తెస్తే చేత్తో తిప్పుకోవాలి. కెనాన్‌లో ఆ చిక్కు లేదు. రెండింటికీ బయటి మైకు తగిలించే రంధ్రం లేదు, కాబట్టి వీడియో ఇంటర్వ్యూలే వృత్తి అయినవారు ఈ రెంటినీ వదిలి డి5600నో 200డినో చూడడం మేలు. ఆమె చేసేది రాతపని. ఆమెను కదిలించింది బ్యాటరీ: ప్రామాణిక లెక్కలో కెనాన్‌కు 500 చిత్రాలు, నికాన్‌కు 1550. పగలంతా రోడ్డు మీద గడిపేవారికి, ఛార్జింగుకు ఏ టీ కొట్టువాడినీ బతిమాలే పని లేనివారికి, అది కొంత స్వాతంత్ర్యమే. దుమ్ము విషయంలో మాత్రం డి3500 బలహీనం. సెన్సారును తానే దులుపుకొనే ఏర్పాటు దానికి లేదు. ట్రాక్టర్లు తిరిగే చోట కటకం మార్చరాదని ఆమె నిర్ణయించుకొంది. అసలు మార్చడానికి రెండోది ఉంటే గదా!

చాందినీ చౌక్‌లోని కూచా చౌధరీ సందులో బిల్లుతో ఒక ధర, బిల్లు లేకుండా ఒక ధర. డిజిటల్ కెమెరాపై జీఎస్టీ మొదట 28 శాతం. 2019 జనవరి నుంచి 18. విలేకరి పనిముట్టును విలాస వస్తువుల వరుసలో కూర్చోబెట్టిన ఆ ఏడాదిన్నర గురించి పార్లమెంటులో ఎవరూ గొంతు చించుకోలేదు. ఆమె తగ్గింపు ధరకు లొంగక, మొదటి యజమాని బిల్లు సైతం ఉన్న కెమెరానే అడిగింది. పోలీసు స్టేషన్లో కెమెరా ఎవరిదన్న ప్రశ్న వస్తే సీరియల్ నంబరున్న కాగితమే జవాబు. నికాన్ కెమెరాతో ఆ అంగట్లోనే ఒక జేపీఈజీ చిత్రం తీయించి, దాని లోపలి వివరాల్లో షట్టర్ ఎన్నిసార్లు కదిలిందో చూసింది. పదకొండు వేల చిల్లర. పర్యాటకుల చేతి వాడకం అంతే ఉంటుంది.

మెడలో డీఎస్ఎల్ఆర్ వేలాడుతున్న మనిషి గుంపులో దాగలేదు. అద్దం లేచి పడే చప్పుడు పది అడుగుల దూరం వినబడుతుంది. ఢాకాలో 2018 ఆగస్టులో విద్యార్థుల ఆందోళన గురించి మాట్లాడిన ఛాయాగ్రాహకుడు షాహిదుల్ ఆలమ్ వంద రోజులకు పైగా జైల్లో ఉన్నారు. రోహింగ్యాల చిత్రాలకు పులిట్జర్ అందుకొన్న రాయిటర్స్ బృందంలోని దానిష్ సిద్దిఖీ 2021 జూలైలో అఫ్గాన్ సరిహద్దున స్పిన్ బోల్డక్‌లో మరణించారు. ఈ పేర్లు ఆమె ఎరుగనివి కావు. ఫోను జేబులో దాగుతుంది, కెమెరా దాగదని తెలిసే కొన్నది. తన ముఖం ఎదుటివారికి కనబడని చోట తాను వారి ముఖాలు తీయనన్నది ఆమె పట్టు. ఇంట్లో పెద్దవారికి ఇది నచ్చలేదు. నచ్చకపోవడంలోనూ న్యాయముంది.

రెండూ కలిపి నలభై వేలలోపే అయ్యాయి. మిగిలిన దానితో రెండు కార్డులు, వానకు ఒక ప్లాస్టిక్ తొడుగు వచ్చాయి. గదికి చేరాక మెనూ తెరిస్తే కెమెరా గడియారం పదిహేను నిమిషాలు ముందుంది; పాత యజమాని నేపాల్ వెళ్లి వచ్చి ఖాట్మండూ కాలాన్ని మార్చలేదు కాబోలు. రాయి ముందా, లాఠీ ముందా అని తేల్చవలసిన నాడు ఆ పదిహేను నిమిషాలు ఎవరికి పనికొస్తాయో చెప్పలేం. ఆమె ముందుగా దాన్ని భారత కాలానికి సరిచేసి, ఆ తరువాతే బ్యాటరీని ఛార్జింగుకు పెట్టింది.