మొదటి నిమిషం నుంచే విజిల్ ఊదండి

ఇంటర్ కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లు చూస్తుంటే కడుపు మండుతోంది. గుంటూరైనా ఒంగోలైనా అదే తంతు. బంతితో బాస్కెట్ కిందికి దూసుకొచ్చే బక్కపలచని కుర్రాడి నడుముకి డిఫెండర్ మోచెయ్యి ఆనించి తోస్తాడు, రెండో చేతి పిడికిట్లో వాడి జెర్సీ అంచు. రెఫరీ ఎదురుగానే ఉంటాడు, విజిల్ మోగదు. పైగా బయటి నుంచి "ఆడనియ్యండి సార్" అని కేకలు! పడేది సిమెంటు కోర్టు మీద. మోకాలు పోతే ఆ పిల్లాడి స్పోర్ట్స్ కోటా ఆశలూ పోయినట్టే.

మనం ఆడేది అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫీబా) రూల్స్‌తోనే కదా. అయిదు ఫౌళ్లయితే ఆటగాడు బయటికి. క్వార్టర్‌లో జట్టు ఫౌళ్లు నాలుగు దాటాక డిఫెన్స్ చేసే ప్రతి ఫౌల్‌కూ ఎదుటివాళ్లకి రెండు ఫ్రీ త్రోలు. అమెరికా కాలేజీల్లో 2013-14 సీజన్ నుంచి, బంతి ఉన్నవాడి మీద రెండు చేతులు వేస్తే ఫౌలేనని పట్టుబట్టారు. విజిళ్లు ఎక్కువయ్యాయని మొదట్లో గోల చేశారు కూడా.

రీబౌండ్‌కి చోటు పట్టి కాళ్లు పాతుకుని నిలబడటం గొప్ప విద్య. తోసెయ్యడం విద్య కాదు.

నాగార్జునలోనైనా, ఆంధ్రకేసరిలోనైనా యూనివర్సిటీ పోటీలకొచ్చే రెఫరీలకి ఒకటే మనవి. ఫైనల్ క్వార్టర్ దాకా ఆగకండి సార్, మొదటి తోపుకే ఊదండి.