పసిబిడ్డకు కాపు కాసిన రేడియో

రేడియో పాటలు వినిపించును, వార్తలు చెప్పును. కాని పసిబిడ్డకు కాపు కాసిన రేడియో కూడ ఒకటి కలదు. పాత వాల్వు రేడియోలను సేకరించువారు దానిని అపురూప వస్తువుగా ఎంచుదురు.

1932లో అమెరికా దేశమున ప్రఖ్యాత వైమానికుడైన చార్లెస్ లిండ్‌బర్గ్ పసికుమారుడు రాత్రివేళ అపహరింపబడి హతుడయ్యెను. ఆ వార్త విని తల్లిదండ్రు లెందరో భీతిల్లిరి. జెనిత్ రేడియో సంస్థ అధ్యక్షుడగు యూజీన్ మెక్‌డొనాల్డ్‌కును ఒక కుమార్తె కలదు. ఆయన పూనికచే 1937లో ‘రేడియో నర్సు’ వెలువడెను.

దానిలో రెండు భాగము లుండెను. ఒకటి ఉయ్యాల చెంత నుండి శబ్దమును గ్రహించును. రెండవది తల్లి యున్న గదిలో దానిని వినిపించును. రెంటి నడుమ వేరు తీగ లేదు. ఇంటి విద్యుత్తు తీగలే ఆ ధ్వనిని చేరవేసెడివి. వాల్వులు వేడెక్కిన పిమ్మట బిడ్డ యేడ్చిన చాలు, తల్లికి వినబడెడిది. శిల్పియైన ఇసాము నొగూచి వినిపించు భాగమునకు బేకలైటుతో దాది శిరస్సును పోలిన రూపము దిద్దెను.

ఇట్టి పాత యంత్రము దొరికినంతనే విద్యుత్తుకు తగిలింపరాదు. లోపలి కెపాసిటర్లు చెడి, తీగలపై రబ్బరు పొడియై యుండవచ్చును, నిప్పంటుకొనవచ్చును. తెలిసినవారు ముందుగా ప్రతి భాగమును పరీక్షింతురు. బిడ్డ క్షేమము కొరకు పుట్టిన వస్తువు ఇంటికి కీడు తేరాదు గదా!

ఒకప్పటి తల్లుల భయమును, దానిని తీర్ప యత్నించిన మానవుని నేర్పును ఆ చిన్న పెట్టె నేటికిని చాటుచున్నది.