ఇల్లొకచోట, తాళపుచెవి యొకచోట

మా యింటి కంప్యూటరులో పదేండ్ల లెక్కలు, బిడ్డల పాఠములు కలవు. వానిని కదల్పక, వేఱొక యూఎస్‌బీ డిస్కుపై లినక్సు నెక్కించితిమి. పని ముగిసినదని తెర చెప్పెను. ఆ డిస్కును బోధనులోని చెల్లెలి కంప్యూటరుకు తగిలింపగా నది మేల్కొనలేదు. నిజామాబాదులో, డిస్కు తీసిన మా కంప్యూటరును తెఱచుకొనలేదు. లెక్కలన్నియు పోయినవని యింటిల్లిపాదియు తల్లడిల్లితిమి.

పరిశీలింపగా నేదియు పోలేదు. లినక్సు బయటి డిస్కుననే యున్నది. దానిని మేల్కొల్పు బూట్‌లోడరును మాత్రము ఇన్‌స్టాలరు లోపలి డిస్కున నుంచినది. ఇల్లొకచోట, తాళపుచెవి యొకచోట! బయటి డిస్కున ఈఎఫ్‌ఐ విభాగము నేర్పఱచి, బూట్‌లోడరును అచట మరల నెక్కించితిమి; ఇంటి కంప్యూటరు బూట్ వరుసలో పాత విండోస్‌ను మొదట నిలిపితిమి. రెండును చక్కబడినవి.

కనుక నెక్కించుటకు ముందే లెక్కలకు వేఱొక ప్రతి తీయుడు. లోపలి డిస్కు తీగను ఊడదీయుడు. అప్పుడు తాళపుచెవి దారి తప్పదు.