టైపుమిషను మీద చింతగింజలు

బడి స్టోర్‌రూమ్ ఖాళీ చేయమని కాగితం వచ్చింది. ఇంగ్లీషు టైపుమిషను, కాలితో తొక్కే కుట్టుమిషను, రెండు సైకిలు చక్రాలు. అన్నిటి ఎదురుగా మేమే 'తుక్కు' అని రాశాం. కిలోల లెక్కన అమ్మేసేవాళ్లమే. కానీ ఆ వారమే పిల్లలకు ఒక ఫొటో చూపించాం. 1942లో పికాసో పాత సైకిలు సీటుకు హ్యాండిల్ తగిలించి ఎద్దు తల చేశాడు. అంతే. చూడగానే పిల్లలు "మన కొమ్ములు!" అని అరిచారు. అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకుని తాతలు ఆడుతుంటే చూసిన కోయ పిల్లలకు వేరే చెప్పాలా? డైట్‌లో మేము నేర్చుకున్న క్రాఫ్టంతా అట్టముక్కల పూలకుండీలే.

1913లో మార్సెల్ డుషాంప్ స్టూలు మీద సైకిలు చక్రం బిగించిన సంగతీ చెప్పాం. ఆ స్టూలు మీద కూర్చోలేం, ఆ చక్రాన్ని తొక్కలేం. చేసే పని ఆగిపోయాక వస్తువును కొత్తగా చూస్తాం అన్నాం. ఆ మాటే మా మెడకు చుట్టుకుంది.

కుట్టుమిషను విప్పి జింకను చేద్దామన్నారు పిల్లలు. స్పానరు పట్టుకోగానే వంట చేసే అక్క వచ్చింది.

"సారూ, దీనికి బెల్టు తెగిందంతే. పనిచేసేదాన్ని బొమ్మ చేస్తారా?"

తల దించుకున్నాం. తొక్కి చూడకుండానే తుక్కని రాశాం. మన అవ్వల రోళ్లు, తిరగళ్లు పట్నం హోటళ్లలో అలంకారానికి పెడితే కోప్పడేదీ మేమే.

టైపుమిషను మాత్రం నిజంగానే తుప్పుపట్టి బిగుసుకుపోయింది. బాగున్న రోజుల్లోనైనా దానిమీద మా ఇంటి మాట ఒక్కటి పడలేదు. ఆరో తరగతి పిల్ల ఒకతి అక్షరాల మీద చింతగింజలు అతికించి, తెల్లకాగితం ఎక్కించి పెట్టింది. చూడ్డానికి వచ్చిన అధికారి అడిగారు, "ఏం రాశావమ్మా?"

"మీరు నొక్కండి సార్, నేను చెబుతా."

ఆయన ఒక గింజ నొక్కారు. ఆ పిల్ల కోయలో వానను ఏమంటారో చెప్పింది. ఇంకోటి నొక్కితే చీమ. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కాగితం మాత్రం తెల్లగానే ఉంది.

బెల్టు డబ్బులు మేమే వేసుకున్నాం. అక్క ఇప్పుడు చినిగిన యూనిఫాంలు కుడుతోంది. జాబితాలో మాత్రం రెండు మిషన్లూ ఇంకా తుక్కే. కొట్టివేతకు ఎవరి సంతకం కావాలో కనుక్కుంటున్నాం.