ఐదో ఎత్తు

ఎప్పుడూ మీరు రాసినవి చదివి లైక్ కొట్టి పోయేవాణ్ణి. ఇంత పొడుగు పోస్టు పెట్టడం ఇదే మొదటిసారి. నేను ఆడిన ఒక చెస్ ఆట గురించి రాస్తున్నా. చెస్ రానివాళ్లకు కూడా అర్థమయ్యేలా రాయాలని చూశాను, ఓపిగ్గా చదవండి.

మాది చర్ల మండలంలో ఒక కోయగూడెం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదటోణ్ణి. ఇప్పుడు ఖమ్మంలో బీకాం రెండో సంవత్సరం. చెస్ నేర్చుకున్నది హాస్టల్లోనే. మా రూమ్‌లో ఒక అట్టబోర్డు ఉండేది. రెండు బంట్లు ఎప్పుడో పోతే వాటి జాగాలో చింతగింజలు పెట్టుకునేవాళ్లం. బంటు, ఏనుగు, గుర్రం, మంత్రి, రాజు అందరికీ తెలిసినవే. శకటుని మేము ఒంటె అంటాం. ఒక సీనియర్ అన్న నేర్పాడు. రాత్రి అన్నం తిన్నాక లైట్లు తీసేదాకా ఆడేవాళ్లం.

కాలేజీల మధ్య టీమ్ పోటీ అంటే నలుగురు కావాలి. మా కాలేజీలో నాలుగోవాడు దొరక్క నన్ను తీసుకున్నారు. టీషర్టు ఇచ్చారు. నాలుగో బోర్డు నాది. ఒక్కొక్కరికి 25 నిమిషాలు. పక్కన క్లాక్ పెట్టుకుని ఆడటం నాకు అదే మొదలు.

ఎదురుగా కూర్చున్న అబ్బాయి పెద్ద కాలేజీవాడు. చిన్నప్పటి నుంచి కోచింగ్ తీసుకున్నాడట. కూర్చోగానే తన పావులన్నీ గడుల మధ్యకి సరిగ్గా సర్దుకున్నాడు. అది చూసే నాకు సగం ధైర్యం పోయింది.

తెల్లపావులు నావి. నాలుగు ఎత్తులు అయ్యాయి. నా రెండు గుర్రాలు, ఒక ఒంటె బయటికి వచ్చాయి. అతని ఒంటె వచ్చి నా గుర్రానికి ఎదురుగా ఏటవాలుగా నిలబడింది. ఆ గుర్రం వెనక నా మంత్రి ఉంది. అంటే గుర్రం కదిలితే మంత్రి పోతుంది. నాలుగో ఎత్తులో అతను రాజు వైపు ఒక పక్క బంటును ఒక గడి జరిపి క్లాక్ నొక్కాడు.

అప్పుడు కనిపించింది నాకు.

గుర్రాన్ని కదిలించి మధ్యలో ఉన్న అతని బంటును చంపితే? అతను నా మంత్రిని తీసుకుంటాడు. తీసుకోనీ. నా ఒంటె పోయి అతని రాజు పక్క బంటును చంపి చెక్ ఇస్తుంది. ఆ ఒంటెకు నా గుర్రం కాపు ఉంది కాబట్టి రాజు దాన్ని ముట్టలేడు. రాజుకు మిగిలేది ఒకే ఒక్క గడి, ముందుకి. అక్కడికి రాగానే నా రెండో గుర్రం మధ్యలోకి దూకుతుంది. ఆట అయిపోతుంది. మంత్రి పోయినా మూడు చిన్న పావులతో మేట్.

మళ్లీ లెక్క వేశాను. ఒకవేళ అతను మంత్రిని తీసుకోకుండా బంటుతో నా గుర్రాన్ని చంపితే? అప్పుడు నా మంత్రి అతని ఒంటెను తీసుకుంటుంది. అప్పటికి నాకు ఒక బంటు లాభం. మూడోసారి చూశాను. ఎక్కడా బొక్క లేదు. చెయ్యి గుర్రం మీదికి పోయింది. ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఆడాల్సిందే కదా.

చెయ్యి గాల్లో ఉండగానే బుర్రలో ఇంకో మాట మొదలైంది. "అతను కోచింగ్ తీసుకున్నోడు. అంత తేలిగ్గా తప్పు చేస్తాడా? నాకు కనబడింది అతనికి కనబడదా? ఇది ఎర అయి ఉంటది. మంత్రిని పోగొట్టుకుని ఐదు నిమిషాల్లో ఓడిపోతే అందరూ నవ్వుతరు. చింతగింజలతో ఆడేటోణ్ణి తీసుకొచ్చారు అంటరు."

క్లాక్ చూస్తే ఆరు నిమిషాలు పోయాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నా. ఏ గొడవా లేని ఒక బంటును ఒక గడి జరిపాను. వెంటనే అతను రెండో వైపు గుర్రాన్ని బయటికి తెచ్చాడు. అంతే. ఇప్పుడు నా గుర్రం మధ్య బంటును చంపితే ఈ కొత్త గుర్రం దాన్ని చంపుతుంది, వాళ్ల ఒంటెకు కాపు కూడా కాస్తుంది. ఒక్క ఎత్తులో తలుపు మూసుకుపోయింది.

తర్వాత ఆటలో నేను సగమే ఉన్నాను. మిగతా సగం ఐదో ఎత్తు దగ్గరే ఆగిపోయింది. ఆ పరధ్యానంలో ఒక బంటు పోయింది. పావులు ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయాం. చివరికి నాకు ఒంటరి రాజు, అతనికి రాజు, ఒక బంటు మిగిలాయి. ఆ బంటు ఇంకో మూడు గళ్లు నడిస్తే మంత్రి అవుతుంది.

అప్పటికి పక్క మూడు బోర్డులూ అయిపోయాయి. మేం ఒకటి గెలిచాం, రెండు ఓడాం. మావాళ్లు వచ్చి నా వెనక నిలబడ్డారు.

అతను బంటును ముందుకి జరిపాడు. నా రాజు దానికి అడ్డంగా ఉంది. వెనక్కి పోవడానికి మూడు గళ్లు. ఎడమ, కుడి, నేరుగా వెనక. మా హాస్టల్ అన్న ఈ ఒక్క ఆటను నాతో వారం రోజులు ఆడించాడు. "వెనక్కి పోవాల్సొస్తే నేరుగా పో. పక్కకు పోయావా చచ్చావు" అనేవాడు. నేరుగా వెనక్కి పోయాను. అతని రాజు ఒక పక్కకు వచ్చింది. నేను దానికి ఎదురుగా, మధ్యలో ఒక్క గడి వదిలి నిలబడ్డాను. బంటు ముందుకొచ్చి చెక్ ఇచ్చింది. మళ్లీ దానికి అడ్డంగా వచ్చాను. ఇప్పుడు అతను బంటును వదిలేయాలి, లేదా రాజును దాని వెనక కాపు పెట్టాలి. కాపు పెట్టాడు. నా రాజుకు చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. స్టేల్‌మేట్. ఆట సమానం.

ఆ క్షణంలో మా తాత గుర్తొచ్చాడు. చిన్నప్పుడు బండ మీద గీతలు గీసి నాతో పులి–మేక ఆడేవాడు. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలు చంపలేవు, దారులు మూసేస్తాయి. పులికి కదలడానికి జాగా లేకపోతే పులి ఓడినట్టు. చెస్‌లో అలా ఇరుక్కున్న రాజు ఓడిపోడు, అర పాయింటు తెస్తాడు. తాతకు ఈ సంగతి చెప్తే ఒప్పుకునేవాడు కాదేమో.

కానీ ఆ అర పాయింటు చాలలేదు. 1.5–2.5తో ఓడిపోయాం. నేను ఐదో ఎత్తు ఆడి గెలిచి ఉంటే 2–2. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. "బాగా ఆపావురా" అని వీపు తట్టారు. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

పావులు డబ్బాలో వేస్తుంటే ఆ అబ్బాయి అన్నాడు: "బ్రో, మొదట్లో ఆ బంటు జరిపి క్లాక్ నొక్కగానే నా తప్పు నాకు కనిపించింది. గుండె ఆగినంత పనైంది. నువ్వు చూడలేదు, బతికిపోయా."

"చూశాను" అన్నా.

"మరి ఎందుకు ఆడలేదు?"

ఏం చెప్పాలో తెలియలేదు. నవ్వేసి వచ్చేశాను.

బస్సులో దారంతా అదే ప్రశ్న. ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు నాయనతో క్యాస్ట్ సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసుకి పోయాం. కాగితం చేతికి రాగానే మా ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడిందని నేను చూశాను. నాయనకు చెప్పాను. "వాళ్లకు తెల్వదా బిడ్డా, చదువుకున్నోళ్లు" అన్నాడు. ఇద్దరం నోరు మూసుకుని వచ్చేశాం. ఇంటర్‌లో చేరేటప్పుడు ఆ ఒక్క అక్షరం కోసం నాయన కూలి పోగొట్టుకుని నాలుగుసార్లు తిరిగాడు. నాయనను తప్పు పట్టడం లేదు. తాను చదవలేని కాగితాన్ని ఆయన ఎట్లా ప్రశ్నిస్తాడు? కానీ నేను చదవగలిగాను. చదివి కూడా ఆగిపోయాను. ఐదో ఎత్తు దగ్గర ఆగింది కూడా ఆ ఎనిమిదో తరగతి పిల్లగాడే.

హాస్టల్‌కి వచ్చి సీనియర్ అన్నకు ఆట మొత్తం ఆడి చూపించాను. ఈ మేట్‌కి పేరు కూడా ఉందని చెప్పాడు. 18వ శతాబ్దంలో పారిస్‌లో ఆడిన లెగాల్ అనే ఆయన పేరు మీద లెగాల్ మేట్ అంటారట. అన్నీ పుస్తకాల్లో ఉన్నదాన్ని చింతగింజల బోర్డు మీద నేర్చుకున్న నేను సొంతంగా చూశానన్నమాట. సంతోషపడాలో ఏడవాలో అర్థం కాలేదు.

తర్వాత అన్న ఫోన్‌లో ఇంకో ఆట చూపించాడు. 2024 డిసెంబర్ 12, సింగపూర్, ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 14వ గేమ్. అప్పటికి ఇద్దరూ 6.5–6.5. చాంపియన్ డింగ్ లిరెన్ 55వ ఎత్తులో ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. 18 ఏళ్ల గుకేశ్ ఏనుగులు, ఒంటెలు మార్చేసి రాజు–బంట్ల ఆటలోకి దింపాడు, గెలిచాడు. "ప్రపంచ చాంపియనే తప్పు చేస్తే, మీ నాలుగో బోర్డు పిల్లగాడు చేయడా?" అన్నాడు అన్న.

ఎదుటివాడు తప్పే చేస్తాడని అనుకోమని నేను చెప్పడం లేదు. అట్లా ఆడితే రోజూ ఓడిపోతాం. లెక్క చూసుకోవాలి, రెండోసారీ చూసుకోవాలి. కానీ మూడుసార్లు చూసి సరిగ్గా వచ్చిన లెక్కను, ఎదుటివాడి చొక్కా చూసి కొట్టేయకూడదు. నేను ఆ రోజు చేసింది అదే.

పోయిన మంగళవారం అకౌంట్స్ క్లాసులో సార్ తరుగుదల లెక్క వేస్తున్నారు. మెషిన్ అక్టోబర్‌లో కొన్నారు, సార్ ఏడాది మొత్తానికి వేశారు అనిపించింది. పుస్తకం చూసుకున్నా. గుండె దడదడలాడుతుంటే చెయ్యి ఎత్తాను. "సార్, ఆరు నెలలకే వేయాలి కదా?" సార్ పుస్తకం చూశారు. "అక్టోబర్‌ది రెండో మెషిన్ రా. ఇది ఏప్రిల్‌ది. మళ్లీ చదువు" అన్నారు. తప్పు నాదే. ఇద్దరు ముగ్గురు నవ్వారు. కొంపలేం మునగలేదు. క్లాసయ్యాక ముందు బెంచీ పిల్లగాడొకడు వచ్చి "నాకూ అదే డౌటొచ్చింది, అడగలేదు" అన్నాడు.

గ్రూపులో చెస్ ఆడేవాళ్లు ఎంతమంది ఉన్నారో కామెంట్లో చెప్పండి. ఆదివారం రాత్రి ఫోన్‌లోనే ఆడుకుందాం. నేర్చుకోవాలనుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాకు తెలిసినంత నేర్పుతా. బోర్డు లేకపోతే అట్ట మీద గీసుకోండి, చింతగింజలు ఎట్లాగూ ఉంటాయి.